రైట్ చెప్పాకే కదలాలి

“ఇంట్లో ఊరికే చేసే పనికి ఇక్కడ జీతమిస్తున్నారు. అదృష్టమంటే నీదేనే,” అన్నాడు డ్రైవరు, తన సీట్లో వెనక్కి వాలి పుల్లతో పళ్లు కుట్టుకుంటూ.

ఆ మాట అన్నప్పుడు బస్సాంటీ మూడో వరస సీటు కింద సగం దూరి ఉంది. ఎల్‌కేజీ పిల్లాడొకడు బడి గేటు కనబడేదాకా ఓపిక పట్టి, తీరా గేటు ముందుకొచ్చాక తాగిన పాలన్నీ కక్కేశాడు. ఒక చేతిలో బకెట్టు, ఇంకో చేతిలో గుడ్డ. ముక్కు మూసుకోవడానికి మూడో చెయ్యి లేదు. సీటు కింది ఇనప కడ్డీకి తల కొట్టుకుని “అబ్బా” అంది. “చూసుకోవే, బండికి సొట్ట పడుతుంది,” అని ఆయనగారి హాస్యం. డ్రైవరంటే పరాయివాడు కాదు, ఆమె మొగుడే. పాతికేళ్లుగా ఆ హాస్యాలకి నవ్వీ నవ్వీ ఆమె దవడలు అరిగిపోయాయి. ఇవాళ కూడా నవ్వింది. నవ్వకపోతే “మొహం అలా మాడ్చుకున్నావెందుకు” అని ఇంకో రామాయణం మొదలవుతుంది. దానికన్నా నవ్వడమే సులువు.

ఆమె ఈ ఉద్యోగంలోకి వచ్చిన తీరు కూడా చెప్పుకోవాలి. కొత్త నిబంధనలొచ్చాయి. ప్రతి స్కూలు బస్సులోనూ పిల్లల్ని ఎక్కించి దించడానికి ఒక ఆడమనిషి ఉండి తీరాలన్నారు. బడిలో ట్రాన్స్‌పోర్టు చూసే మేనేజరు డ్రైవర్లందర్నీ పిలిచి, తెలిసినవాళ్లెవరైనా ఉంటే చెప్పండయ్యా అన్నాడు. ఈయన చెయ్యెత్తి, “మా ఆవిడ ఇంట్లో ఖాళీగానే ఉంటుందండీ,” అన్నాడట. ఖాళీగా! చీకటితో లేచి నీళ్లు పట్టి, వంట చేసి, అత్తగారి మోకాళ్లకి కాపడం పెట్టి, మొగుడి చొక్కా ఇస్త్రీ చేసి, గిన్నెలు తోమి, బట్టలుతికి, ఆరేసి, మడతలు పెట్టి, మళ్లీ వంటింట్లోకి వెళ్లే మనిషి ఖాళీగా ఉందట. ఆ సంగతి ఆమెకి చెప్పింది కూడా కంచం ముందు కూర్చుని, “రేపట్నించి నువ్వూ బస్సెక్కాలి, త్వరగా తెములు,” అని. అత్తగారు మాత్రం ఒక ప్రశ్న వేసింది. “మరి నా కాపడమో?” అని. కాపడం ఇంకా తెల్లారకముందుకి జరిగింది. నిద్ర ఎటు జరిగిందో ఎవరూ చూడలేదు.

చేరిన మొదటివారం బడి మైదానంలో ఖాళీ బస్సొకటి నిలబెట్టి మేనేజరు అందరికీ పాఠం చెప్పాడు. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఆ రోజు చక్కగానే చెప్పాడు. “పిల్లని దించాలి. చెయ్యి వదలకుండా తీసుకెళ్లి వాళ్లవాళ్ల చేతిలో పెట్టాలి. వెనక్కొచ్చి బండి ముందు చూడాలి, చక్రాల పక్కన చూడాలి. ఎక్కి, తలుపేసి, అప్పుడు రైట్ అనాలి. ఏ కాస్త తేడా కనిపించినా హోల్డాన్ అనాలి, బండి ఆగిపోవాలి. డ్రైవర్లూ, చెవులొగ్గి వినండి. ఆయా రైట్ చెప్పాకే బండి కదలాలి. చెప్పకముందు చక్రం తిరిగిందా, ఆ డ్రైవరు మర్నాడు నాకు కనబడక్కర్లేదు.”

తర్వాత అందరిచేతా చేయించి చూశాడు. ఆమె వంతు వచ్చింది. ఫుట్‌బోర్డు మీద నిలబడి, సిగ్గుతో చచ్చిపోతూ, “రైట్” అంది. “వినపడి చావలేదు,” అన్నాడు లోపల్నించి మొగుడు. ఈసారి పొట్టలోంచి గాలి తీసుకుని, బండి పక్కన అరచేత్తో చరిచి, “రైట్ రైట్!” అని అరిచింది. బస్సు కదిలింది. అంత పెద్ద పసుప్పచ్చ బస్సు ఆమె గొంతుకి కదిలింది! ఒళ్లు జలదరించింది ఆమెకి. పెళ్లయిన కొత్తలో వంటింటి బల్లని కిటికీ దగ్గరికి జరుపుదామని అడిగింది, వెలుతురు పడుతుందని. “అక్కడుంటే దానికేం నెప్పి?” అంది అత్తగారు. ఆ బల్ల ఇప్పటికీ అక్కడే ఉంది. బల్లే కదలని మాటకి బస్సు కదిలింది చూశారా, ఆ సాయంత్రమంతా గిన్నెలు తోముతూ లోలోపల “రైట్, రైట్” అనుకుంటూనే ఉంది. “ఎవరితోనే ఆ మాటలు?” అంది అత్తగారు వసారాలోంచి. ఎవరితోనో ఏమిటి, తనతోనే.

ఆ సంబరం ఎన్నాళ్లో నిలవలేదు. బస్సులు నిలిపే షెడ్డులో మిగతా డ్రైవర్లు మొదలుపెట్టారు. “ఏం గురూ, వదిన రైట్ అంటే గానీ గేరు పడదటగా? ఇంట్లో కూడా అంతేనా, వదిన రైట్ అనందే ముద్ద మింగవా?” అని ఒకడు. “మేమూ ఆయా చెప్తేనే కదుల్తామనుకో. ఆయా చెప్తే వినడం డ్యూటీ. పెళ్లాం చెప్తే వినడం వేరే సంగతి,” అని ఇంకొకడు. అందరూ ఒకటే నవ్వులు. ఆమె అప్పుడు బకెట్టు పట్టుకుని పక్కనే కుళాయి దగ్గర ఉంది. మొగుడు కూడా నవ్వాడు గానీ, ఆ నవ్వు ఎలాంటిదో పాతికేళ్లు కాపురం చేసినదానికి తెలియదా?

అనుకున్నంతా అయింది. ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండానే అందుకున్నాడు. “ఊరంతా వినపడేలా రైట్ రైట్ అని ఆ కేకలేమిటి? నేనేమన్నా చెవిటివాణ్ణా?” అన్నాడు. “మొగుడి మీద అరవడానికి జీతమిచ్చే ఉద్యోగం ఇదే చూడ్డం,” అని అత్తగారు వంత పాడింది. ఆ మర్నాటి నించి బస్సు ఆమె మాట కోసం ఆగడం మానేసింది. మానేసిందంటే నిబంధన గాలికొదిలేశాడని కాదు. అదే అయితే ఎవరో ఒకరు చూసి అడిగేవారు. ఆయన చేసిందేమిటంటే, ఆమె నోరు తెరవడానికి ఒక్క ఊపిరి ముందు క్లచ్చి వదిలేవాడు. ఆమె “రై” అనేసరికి చక్రం తిరిగి ఉండేది. అంటే పెళ్లాం రైట్ అంది కాబట్టి బండి కదల్లేదు, తను కదిలించాడు కాబట్టి పెళ్లాం రైట్ అంది. ఆ ఒక్క ఊపిరిలో ఆయనగారి మగతనమంతా ఉంది మరి.

ఇంకా సిగ్గుపడాల్సిన సంగతి ఒకటుంది. ఆమె దానికి అలవాటుపడిపోయింది. కదిలిన బండి వెనక పరిగెత్తి ఫుట్‌బోర్డు అందుకోవడం నేర్చుకుంది. కిటికీల్లోంచి పిల్లలు “ఆంటీ, ఫాస్ట్! ఆంటీ, ఫాస్ట్!” అని చప్పట్లు కొట్టేవాళ్లు, పాపం వాళ్లకదొక ఆట. ఎవరి అమ్మానాన్నలైనా చూస్తారేమోనని, చూస్తే ఆయన ఉద్యోగానికి ముప్పని, తన “రైట్”ని కూడా ముందుకి జరుపుకుంది. పిల్ల చెయ్యి ఇంకా తన చేతిలో ఉండగానే “రైట్” అనేసేది కొన్నిసార్లు. వంటలో ఉప్పు ఎక్కువైతే నీళ్లు కలిపి సర్దేసినట్టు సర్దేసింది. ఒకసారి మాత్రం ధైర్యం చేసి, “ఏవండీ, చంటిపిల్లలు. ఒక్క క్షణం ఆగండి,” అంది. “నాకు బండి తోలడం నేర్పుతావా? అద్దంలో నాకంతా కనబడుతూనే ఉంటుంది,” అన్నాడు. ఇంకోసారి మేనేజరు గది దాకా వెళ్లింది, ఈ సంగతి చెప్పేద్దామని. ఆయన తలెత్తి “ఏంటమ్మా?” అన్నాడు. “ఏం లేదు సార్, చీపురు అరిగిపోయింది,” అంది. ఆయన మంచివాడే, అప్పటికప్పుడు కొత్త చీపురిప్పించాడు. ఆ చీపురు పట్టుకుని తిరిగొస్తుంటే ఆమెకి తన మీద తనకే అసహ్యం వేసింది.

ఆ బస్సులో చిట్టచివర దిగేది ఒక పాప. యూకేజీ. బస్సాంటీ దాన్ని ‘లాస్టుస్టాపు’ అని పిలిచేది. బస్సంతా ఖాళీ అయ్యాక ఆ పిల్ల ముందు సీట్లోకి వచ్చి కూర్చునేది. డబ్బాలో మిగిలిన బిస్కట్టు ముక్క దాచి తెచ్చి, “ఆంటీ, ఇది నీకు. నేను నాకలేదు, ఒట్టు,” అనేది. వాళ్లమ్మ సందు చివర కళ్లజోళ్ల షాపులో పనిచేస్తుంది. బస్సు హారన్ విని, పరిగెత్తుకుంటూ వచ్చి, ఆయాసపడుతూ “సారీ ఆంటీ, కస్టమరున్నాడు,” అని పిల్లని అందుకునేది. ఆవిడకి క్షమాపణ చెప్పే అలవాటు, ఈవిడకి “పర్లేదమ్మా” అనే అలవాటు. ఒకళ్ల అలసట ఒకళ్లకి తెలుసు, అంతకుమించి మాటలేం లేవు.

ఆ రోజు వాన పడి వెలిసింది. రోడ్డంతా బురద. లాస్టుస్టాపుని చెయ్యి పట్టుకుని దించింది. రెండడుగులు వేశారో లేదో పిల్ల బూటు బురదలో దిగబడి కాల్లోంచి ఊడొచ్చింది. “నా బూటూ!” అని పిల్ల చెయ్యి విదిలించుకుని వెనక్కి తిరిగి వంగింది. తడి చెయ్యి, జారిపోయింది. అదే క్షణంలో ఇంజను గుర్రుమంది. “హోల్డాన్!” అని అరిచింది బస్సాంటీ. బండిని రెండు చేతులతో బాదింది. “హోల్డాన్! హోల్డాన్!” అని గొంతు చించుకుంది. ఆ గొంతు విని సందులో కుక్కలు కూడా మొరిగాయి గానీ బస్సు ఆగలేదు. పిల్ల గౌను పట్టుకుని తనవైపు లాగేసింది. ఒళ్లంతా వచ్చింది గానీ ఒక కాలు రాలేదు. వెనక చక్రం అంచు కాలికి తగిలి వెళ్లిపోయింది. పిల్ల కెవ్వుమన్న కేక విని అప్పుడు ఆగింది బండి. తల్లి సందు మలుపు తిరిగేసరికే అంతా అయిపోయింది.

పిల్ల బతికింది. కాలు రెండుచోట్ల విరిగింది. లాగింది కాబట్టి కాలితో పోయిందని డాక్టరన్నాడు. ఆ మాట తర్వాత ఇంకెవరూ అనలేదు.

ఆసుపత్రి వరండాలోనే మొగుడు ఆమెని ఒక మూలకి తీసుకెళ్లాడు. మనిషి వణికిపోతున్నాడు. పాతికేళ్లలో ఆయన్ని అలా చూడలేదు. “నువ్వు రైట్ చెప్పావని చెప్పవే. నువ్వు చెప్పావు, నేను కదిలించాను. అంతే. లైసెన్సు పోతే నా బతుకేం కాను? లోపలేస్తారే నన్ను,” అన్నాడు. “మీకు వినబడలేదా నేను అరిచింది?” అని అడిగింది. “వినబడింది. రోజూ అరుస్తూనే ఉంటావుగా, ఏదో ఒకటి అరుస్తున్నావనుకున్నా,” అన్నాడు. ఆమెకి కోపం రాలేదు. అంతకన్నా పెద్దదేదో వచ్చింది, దానికి ఆమె దగ్గర పేరు లేదు. గోడకి ఆనుకుని కింద కూర్చుండిపోయింది.

ఇంటికొస్తే అత్తగారు ఎన్నడూ లేనిది తనే టీ పెట్టి చేతికిచ్చింది. “ఆడదానివి, నిన్నెవరేం చేస్తారు? మహా అయితే మానెయ్యమంటారు. మానేస్తే ఇంటిపని ఎక్కడికన్నా పోతుందా? వాడి ఉద్యోగం పోతే ఇల్లే మునుగుతుంది,” అంది. మంచి టీ, పంచదార సరిపోయింది. ఆ టీ తాగుతూ అనుకుంది: ఇన్నాళ్లూ నా మాటకి పూచికపుల్ల విలువ లేదు. మూడుసార్లు అరిస్తే సందులో కుక్కలు మొరిగాయి గానీ మొగుడు బండి ఆపలేదు. ఇప్పుడు చెప్పని మాట చెప్పానని చెప్పడానికి మాత్రం ఇంతమందికి నేను కావలసి వచ్చానే! ఒసే పిచ్చిదానా, నీ మాటకి విలువ రావాలంటే అది అబద్ధమై ఉండాలన్నమాట. అనుకుని, కప్పు కడిగి బోర్లించింది. అత్తగారి కప్పు కూడా కడిగింది.

పెళ్లై వెళ్లిన కూతురు ఫోన్ చేసింది. తల్లి మనసు కాస్త ఆశపడింది. “అమ్మా, దెబ్బలేం తగల్లేదుగా?” అంది మొదట, ఆ మాటకే ఈమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. తర్వాత గొంతు తగ్గించి, పక్కగదిలో ఎవరో వింటారన్నట్టు, “అమ్మా, నాన్న చెప్పినట్టు చెప్పెయ్యవే. నాన్న మీద కేసంటే మా అత్తగారింట్లో నేను తలెత్తుకోలేను. ఇప్పటికే మాటంటే పట్టుకుని సాగదీస్తారు. నీకు తెలియనిదేముంది? సర్దుకుపో,” అంది. ఆ గొంతు తగ్గించడం, ఆ పక్కకి తిరిగి మాట్లాడటం, అచ్చం తనే. తను నేర్పలేదే! నేర్పకుండానే ఎప్పుడు నేర్చుకుందో పిల్ల. “సరేలేమ్మా,” అంది.

మర్నాడు మేనేజరు గదిలో చెప్పేసింది. “నేనే రైట్ అన్నాను సార్. పాప చెయ్యి వదిలించుకుందని చూసుకోలేదు,” అని. బస్సులో కెమెరా ఉంది గానీ అది ఎన్నాళ్లనించో పనిచెయ్యడం లేదు, ఆ సంగతి గదిలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. మేనేజరు గట్టిగా ఊపిరి వదిలాడు. ఆయా పొరపాటైతే ఆయాని తీసేస్తే సరిపోతుంది. డ్రైవరు పొరపాటైతే కొత్త నిబంధనలూ, బస్సు పర్మిట్లూ, బడి పేరూ, అన్నీ బయటికొస్తాయి. “నిజం ఒప్పుకున్నావు, మంచిదమ్మా,” అన్నాడాయన. ఆ మాటకి ఎక్కడ తల దాచుకోవాలో తెలియలేదు ఆమెకి.

అక్కడితో అయిపోతే ఇంత కథ లేకపోను. ఆమె మనసు ఊరుకోలేదు. నాలుగు అరటిపళ్లు కొనుక్కుని పాపని చూడ్డానికి వాళ్లింటికి వెళ్లింది. ఒకటే గది. మంచం మీద పాప, కాలికి పిండికట్టు తొడదాకా. గోడవైపు తిరిగి పడుకుని ఉంది. తల్లి లోపలికి రమ్మనలేదు, వెళ్లిపొమ్మనీ అనలేదు, గుమ్మంలోనే నిలబెట్టింది. ఆవిడ కళ్లు ఉబ్బిపోయి ఉన్నాయి. షాపులో సెలవివ్వలేదట, పనే మానేసిందట.

“ఆంటీ, ఒక్కటి అడుగుతాను. కాలు విరిగిన రోజునించీ మా పాప ఒకటే మాట చెప్తోంది. ఆంటీ హోల్డాన్ అని అరిచింది, బస్సు ఆగలేదు అని. మేనేజరుగారేమో మీరే రైట్ చెప్పానని ఒప్పుకున్నారంటున్నారు. పిల్లలు కథలల్లుతారమ్మా, మీరే ఏదో నేర్పించి ఉంటారని కూడా అన్నారు నన్ను. మీరు చెప్పండి. మా పాప అబద్ధమాడుతోందా?”

చెప్పెయ్యాలి. ఇదే సమయం. వినేది ఒక్క మనిషి, అదీ ఇంత బరువు మోస్తున్న మనిషి. నాలుక చివరిదాకా వచ్చింది. వస్తూ వస్తూ ఆ మాట వెనకే ఆయన వణుకు వచ్చింది, అత్తగారి టీ వచ్చింది, కూతురి తగ్గించిన గొంతు వచ్చింది. “చిన్నపిల్ల కదమ్మా. భయంలో... ఏదో అనుకుని ఉంటుంది,” అంది. ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని తెలియడానికి కాసేపు పట్టింది. మంచం మీద పాప ఇటు తిరిగింది. మెలకువగానే ఉంది. ఏడవలేదు, అడగలేదు. బస్సాంటీ మొహంలోకి చూసి, మళ్లీ గోడవైపు తిరిగింది. అరటిపళ్లు గుమ్మంలోనే పెట్టి మెట్లు దిగింది ఆమె. ఇంటికెళ్లి వంట చేసింది. ఏం చేసిందో, ఎవరికేం వడ్డించిందో తెలియదు. “ఇవాళ కూరలో ఉప్పు లేదు,” అన్నాడు మొగుడు, మెల్లిగానే.

పాప తల్లి ఊరుకోలేదు. రోజూ బడి గేటు దగ్గరికొచ్చి నిలబడింది. ఇక తప్పక ప్రిన్సిపాల్ మేడమ్ అందర్నీ తన గదిలో కూర్చోబెట్టింది. మేనేజరు, డ్రైవరు, బస్సాంటీ ఒకవైపు. పాపని ఒళ్లో పెట్టుకుని తల్లి ఒకవైపు. కట్టున్న కాలికి ఇంకో కుర్చీ వేశారు. మేడమ్ గొంతులో తేనె ఉంది. “నాన్నా, నిన్నెవరూ ఏమీ అనరు. ఆ రోజు ఆంటీ ఏమందో నువ్వే చెప్పు, సరేనా?” అంది.

పాప అందరి మొహాలూ ఒక్కొక్కటే చూసింది. మేనేజరు మొహం, డ్రైవరంకుల్ మొహం, చివరికి బస్సాంటీ మొహం. అక్కడ చాలాసేపు ఆగింది. ఏం వెతుక్కుందో, ఏం దొరికిందో. “రైట్ అంది,” అంది పాప.

“అదేంటమ్మా? హోల్డాన్ అందని కదా నాకు చెప్పావు?” అంది తల్లి.

“అది ఊరికే చెప్పాను,” అంది పాప. గొంతు తగ్గించి, పక్కకి తిరిగి అంది.

గది మొత్తం తేలికపడింది. మేనేజరు కుర్చీలో వెనక్కి వాలాడు. మేడమ్ సొరుగు తెరిచి చాక్లెట్ తీసి, “వెరీ గుడ్,” అని పాప చేతిలో పెట్టింది. డ్రైవరు జేబురుమాలుతో మెడ తుడుచుకున్నాడు. తల్లి మాత్రం తన ఒళ్లో ఉన్న పిల్లని, ఎవరి పిల్లో అన్నట్టు చూస్తోంది. బస్సాంటీకి ఆ తగ్గించిన గొంతే ఇంకా వినబడుతోంది. తనకి పాతికేళ్లు పట్టింది. తన కూతురు ఎన్నేళ్లకి నేర్చుకుందో తెలియదు. ఈ పసిగుడ్డు వారం తిరక్కుండానే నేర్చేసుకుంది. ఎవరి దగ్గర నేర్చుకుందో ఇంకొకర్ని అడగక్కర్లేదు. కాలు విరిచింది ఆయనైతే, ఇది విరిచింది తను.

లేచి నిలబడింది. ఎవరూ లెమ్మనలేదు. “పాప ఊరికే చెప్పలేదు మేడమ్,” అంది. “నేను హోల్డాన్ అనే అన్నాను. మూడుసార్లు అరిచాను, బండిని బాదాను. బండి అప్పటికే కదిలింది. రోజూ అలాగే కదుల్తుంది, నేను రైట్ అనకముందే. నేనే కప్పిపెట్టాను. అబద్ధం చెప్పింది నేను, పాప కాదు.”

“దీనికి మతి పోయిందండీ,” అన్నాడు డ్రైవరు, లేవబోయి మళ్లీ కూర్చుంటూ. “ఆ రోజునించీ తిండీ నిద్రా లేవు. ఏం మాట్లాడుతోందో దానికే తెలియట్లేదు.”

“అమ్మా, మొన్న నువ్వే కదా నా ముందు ఒప్పుకున్నావు? ఇవాళ కాదంటావు, రేపింకోటంటావు. ఏదని రాసుకోమంటావు?” అన్నాడు మేనేజరు. కోపంగా కాదు, విసుగ్గా. “పాప కూడా రైట్ అందనే చెప్పింది కదా ఇప్పుడు.”

“ఆవిడ బాగా డిస్టర్బయినట్టుంది. ఇంటికి పంపించండి,” అంది మేడమ్, మేనేజరు వైపు చూసి. “ముందు అనుకున్నదే ఖాయం చేద్దాం. రేపట్నించి ఆ రూటుకి కొత్త ఆయా వస్తుంది.”

అంతే. ఆమె మాట అన్న చోటే పడిపోయింది. మళ్లీ చెప్పింది. ఇంకాస్త గట్టిగా చెప్పింది. వాళ్లు మర్యాదగా వింటున్నట్టు మొహం పెట్టారు. రేపు పొద్దున అదే బస్సు, అదే చెయ్యి స్టీరింగు మీద, చంటిపిల్లలు, ఒక్క ఊపిరి ముందు వదిలే క్లచ్చి. కొత్తగా వచ్చేదెవరో పాపం, చీపురు మాత్రం కొత్తదే దొరుకుతుంది దానికి. ఇంటికెళ్లాక ఏమవుతుందో కూడా ఆమెకి తెలుసు, మొగుడి మెడ మీద నరం చూస్తూనే ఉంది. అయినా కూర్చోలేదు. “పాప చెప్పిందే నిజం,” అంది మూడోసారి, ఇప్పుడు మేడమ్‌కి కాదు, మేనేజరుకి కాదు, ఎదురుగా ఉన్న తల్లికి.

తల్లి లేచింది. పిల్లని భుజానికెత్తుకుంది, బరువైన ఆ తెల్లకాలు ఒక పక్క కర్రలా వేలాడింది. బస్సాంటీ పక్కనించే నడిచింది గానీ ఆమె వైపు చూడలేదు. చూడాల్సిన పని కూడా లేదు. తలుపు దాకా వెళ్లాక పాప చేతిలో చాక్లెట్ జారి కిందపడింది. తీసివ్వమని ఏడవలేదు. కాలు విరిగినప్పుడు ఏడ్చిన పిల్ల, ఆ తర్వాత ఇన్నాళ్లూ ఏడవని పిల్ల, ఇప్పుడు తల్లి మెడలో మొహం దూర్చి గొల్లుమంది.

“నేను చెప్పాను కదమ్మా. నేను నీకు చెప్పాను కదా.”

“చెప్పావమ్మా,” అంది తల్లి. “నువ్వు చెప్పావు.”